తెల్లబడ్డ గాజు

"ఇది నా గాజు కాదు," అంది అత్తగారు మళ్ళీ.

అన్న ప్రతిసారీ ఆ గాజును భోజనాల బల్ల మీద ఇంకాస్త ముందుకు తోస్తోంది. ఈసారి అది కోడలి కాఫీ కప్పుకు తగిలి ఆగింది.

కోడలు దాన్ని ముట్టుకోలేదు. చేతిలోకి తీసుకుంటే నేరం ఒప్పుకున్నట్టే ఉంటుందనిపించింది. వంగి చూసింది. గాజు సగం బంగారు రంగులోనే ఉంది. మిగతా సగం మచ్చలు మచ్చలుగా తెల్లబడి, బూజు పట్టినట్టుంది.

"రాత్రి చేతికున్నది తీసి పెట్టెలో పెట్టినప్పుడు బాగానే ఉంది. పొద్దున తీస్తే ఇలా ఉంది. ఎవరో వెండి గాజుకి బంగారు పూత వేయించి పెట్టారు. ఇప్పుడా పూత రాలిపోతోంది."

"ఎవరో అంటే ఎవరు అత్తయ్యా?"

"పెట్టె తాళం ఎవరి దగ్గరుందో వాళ్ళు."

"దుప్పట్లు తీయమని మీరే ఇచ్చారు తాళం."

"దుప్పట్లు తీయమన్నాను."

గాజు తీయమనలేదన్న మాట ఆవిడ అనలేదు. అనకపోవడమే చెంపదెబ్బలా తగిలింది.

బల్లకి ఆ చివర భర్త తల వంచుకుని తింటున్నాడు. కోడలు నర్సుగా పనిచేసే ఆసుపత్రిలోనే అతను స్టోర్‌కీపర్. ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వెళ్తారు, ఒకే స్కూటర్ మీద వస్తారు. ఈమధ్య దారిలో ఒక్క మాట కూడా మాట్లాడడం లేదు.

"ఒరేయ్, నువ్వైనా చెప్పు. అది నా గాజేనా?"

భర్త గాజు వంక చూశాడు. చూసి, ఎందుకో చప్పున చూపు తిప్పుకుని, తల్లి గది గుమ్మం వైపు చూశాడు. కోడలికది అప్పుడు అర్థం కాలేదు.

"నాకేం తెలుసమ్మా."

"మీ నాన్నే ఉంటే ఇలా నీళ్ళు నమిలేవాడు కాదు."

"అత్తయ్యా, నేను దొంగనని మీ నోటితో ఒక్కసారి అనండి. అప్పుడు మాట్లాడుకుందాం."

"నేనెందుకంటాను? కంసాలే చెప్తాడు. మంటలో పెడితే ఏ లోహమో తెలిసిపోతుంది. ఇవాళే వెళ్తాను."

గదిలోంచి బుజ్జి ఏడుపు వినిపించింది. ముగ్గురూ ఒక్కసారిగా ఆగిపోయారు.

బుజ్జికి ఐదేళ్ళు. పది రోజులుగా ఆ పిల్ల పిల్లలా లేదు. నిద్రపోదు. ముట్టుకుంటే కసురుతుంది. తలగడ తడిసిపోయేంతగా చొంగ కారుస్తుంది. అరచేతులు ఎర్రగా కంది, వేళ్ళ చివర్ల పొట్టు లేస్తోంది. డాక్టరు సబ్బు పడలేదన్నాడు. సబ్బు మార్చారు. పొట్టు లేవడం ఆగలేదు.

నర్సు వెళ్ళి కూతుర్ని ఎత్తుకుంది. బుజ్జి నానమ్మ గదిలో, నానమ్మ మంచం మీదే పడుకుంటుంది. మంచం కింద అత్తగారి రేకుపెట్టె. ఆ పెట్టెని ఇంట్లో ఎవరూ కదపరు.

"అమ్మా, నిన్న వెండి చీమలు మళ్ళీ వచ్చాయి."

"ఎక్కడికి తల్లీ?"

"మంచం కింద. పట్టుకుంటే రెండైపోతాయి."

"కల వచ్చిందేమోలే," అంది నర్సు, నుదురు తాకి చూస్తూ. జ్వరం లేదు. పిల్ల చేతుల్లో చిన్నగా వణుకు మాత్రం ఉంది.

"ఇవాళ కూడా బడికి వద్దు," అంది అత్తగారు గుమ్మంలోంచి. "నా దగ్గరే ఉంటుంది. నువ్వు వెళ్ళి ఆ బోర్డు తెరిపించుకో."

దెప్పుడే అయినా అందులో అబద్ధం లేదు. ఇవాళ ఆసుపత్రి హాల్లో కొత్త బోర్డు ఆవిష్కరిస్తారు. 'పాదరసం లేని ఆసుపత్రి' అని దాని మీద రాసి ఉంటుంది. ఆ బోర్డు వెనక ఏడాది కష్టం కోడలిదే.

* * *

ఏడాది కిందట ఆ ఆసుపత్రిలో ప్రమాదకరమైన చెత్త తగ్గించే పని నర్సుకి అప్పగించినప్పుడు అందరూ జాలిపడ్డారు. వార్డుల్లో అరటితొక్క నుంచి రక్తం అంటిన దూది దాకా అన్నీ ప్రమాదకర చెత్తకని పెట్టిన పసుపు సంచిలోనే పడేవి. ఆమె వార్డు వార్డూ తిరిగింది. చేతులు పట్టుకుని సంచులు వేరు చేయించింది. పగిలితే విషం చిమ్మే పాత థర్మామీటర్లు, పాదరసం బీపీ మిషన్లు ఒక్కొక్కటిగా తీయించి కొత్తవి పెట్టించింది. "చెత్తమ్మ వస్తోంది" అని వార్డుబాయిలు నవ్వుకునేవారు. పసుపు సంచులు సగానికి తగ్గాక, నవ్వు ఆపి మేడమ్ అనడం మొదలుపెట్టారు.

వార్డుల్లోంచి తీసిన పాదరసమంతా స్టోర్‌కి చేరింది. స్టోర్ నుంచి, విషపు చెత్త తీసుకెళ్ళే లారీ ఎక్కింది. ఆమెకు తెలిసిన కథ అంతే.

హాల్లో గోడకు బోర్డు బిగించి, పైన నీలం గుడ్డ కప్పారు. కుర్చీలు వేస్తున్నారు. ముందు వరసలో కొత్తగా చేరిన నర్సులు కూర్చున్నారు. సూపరింటెండెంట్ వచ్చేలోపు వాళ్ళకు చిన్న పాఠం చెప్పాలి.

"పాదరసం నేల మీద ఒలికింది. మొదట ఏం చేస్తారు?"

"చీపురుతో ఊడ్చేస్తాం మేడమ్," అంది ఒకమ్మాయి. పక్కవాళ్ళు నవ్వారు.

"నవ్వకండి. చాలా ఇళ్ళల్లో చేసేది అదే. చీపురు తగిలితే ఒక్క చుక్క వంద చుక్కలవుతుంది. కంటికి కనపడని చుక్కలు పగుళ్ళలోకి పోయి, ఆవిరై, రోజూ కొంచెం కొంచెం ఊపిరిలోకి ఎక్కుతాయి. వాసన రాదు. దగ్గు రాకపోవచ్చు. నేలకు దగ్గరగా ఆడుకునే పిల్లలకు ముందు తెలుస్తుంది."

"ఇప్పుడు మన దగ్గర పాదరసమే లేదు కదా మేడమ్," అంది వెనక నుంచి ఒక గడుసుది. "లేనిదానికి పాఠమెందుకు?"

"ఇంటి నుంచి పాత థర్మామీటర్ పట్టుకుని ఏ రోగి అయినా రావచ్చు. అందుకు. రాసుకోండి. మొదట కిటికీలు తీయాలి. అందరినీ బయటికి పంపాలి. తర్వాత మీ చేతి ఉంగరాలు, గాజులు తీసేయాలి."

"ఉంగరాలెందుకు మేడమ్?"

"బంగారానికి పాదరసం తగిలిందంటే ఇట్టే పట్టేస్తుంది. బంగారం మచ్చలు మచ్చలుగా తెల్ల..."

మాట అక్కడే ఆగిపోయింది.

కొత్త నర్సులు కలాలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆమె నోరు తెరుచుకునే ఉంది. కళ్ళ ముందు బల్ల మీద గాజు. తలగడ మీద చొంగ. పొట్టు లేచిన చిన్న వేళ్ళు. పట్టుకుంటే రెండైపోయే వెండి చీమలు.

పక్కనున్న కుర్చీ పట్టుకుంది.

"మేడమ్, తెల్లగా అవుతుందా?"

"అవును," అంది నర్సు. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "తెల్లగా అవుతుంది."

ఇంకేమీ చెప్పకుండా హాల్లోంచి బయటపడి స్టోర్ వైపు నడిచింది. రెండడుగులు వేసేసరికి అది పరుగైంది.

* * *

స్టోర్‌లో భర్త ఒక్కడే ఉన్నాడు. దూది పెట్టెలు సర్దుతున్నాడు. ఆమె లోపలికి వచ్చి తలుపు వేసింది. అతను వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాడు. చేతిలో పెట్టె నెమ్మదిగా కింద పెట్టేశాడు.

"మన ఇంట్లో పాదరసం ఉంది," అంది.

అతను మూసిన తలుపు వైపు చూశాడు.

"అడగడం లేదండీ. చెప్తున్నాను. ఎక్కడ పెట్టారు?"

"నెమ్మదిగా మాట్లాడు."

"అత్తయ్య మంచం కిందేనా?"

అతను తల ఊపాడు. అంత చిన్న కదలికకు ఇల్లంత బరువు ఉంటుందని ఆమెకు అప్పుడు తెలిసింది.

"లారీ ఎక్కించామన్నారు."

"లారీవాడు తీసుకోలేదు. బీపీ మిషన్లు పగిలి కారుతున్నాయి, ఇలా ఉంటే ఎక్కించుకోను, గట్టి డబ్బాల్లో పోసి సీలు వేయించండి, మళ్ళీ వస్తానన్నాడు. పోశాం. ఈలోపు తనిఖీ తేదీ వచ్చేసింది. సూపరింటెండెంట్‌గారు పిలిచి, తనిఖీ నాటికి నా స్టోర్‌లో చుక్క కూడా కనపడకూడదు, ఎలా చేస్తావో నీ ఇష్టం, నాకు చెప్పొద్దు అన్నారు."

"ఇంటికి పట్టుకొచ్చారు."

"టిఫిన్ సంచిలో. తనిఖీ, ఈ బోర్డు హడావుడి అయిపోగానే తెచ్చేద్దామనుకున్నాను. అమ్మ పెట్టె వెనక అయితే ఎవరూ చెయ్యి పెట్టరని..."

"ఎలా ఒలికింది?"

అతను వంగి దూది పెట్టె మళ్ళీ ఎత్తుకున్నాడు. బయట కారిడార్‌లో కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు.

"మిమ్మల్నేనండీ."

"అమ్మ పెట్టె లాగింది. డబ్బా పడి మూత ఊడింది, కొంత పెట్టెలోకీ పోయింది. నీ సామాను ఏదో ఒలికితే ఊడ్చి ఎత్తిపెట్టానురా అని నాతో చెప్పింది."

"ఎప్పుడు?"

"బుజ్జికి బాగోలేకపోవడానికి ముందు."

అతనికి తెలుసు. సబ్బు మార్చినప్పుడు తెలుసు. పిల్ల నిద్రపోకుండా ఏడుస్తుంటే భుజాన వేసుకుని తిప్పినప్పుడు తెలుసు. పొద్దున తెల్లబడ్డ గాజు చూసినప్పుడు ఇంకా బాగా తెలుసు.

"తడిగుడ్డతో తుడిచాను. కనిపించినంత మేరా ఎత్తాను," అన్నాడు.

"కనిపించనిదే కదండీ చంపేది."

"ఆ మాటనకు."

"ఏ మాటనను? నన్ను దొంగ అంటుంటే తల వంచుకుని తిన్నారు. అది వదిలేయండి. దొంగ అంటే నేను చచ్చిపోను. బుజ్జిని రోజూ ఆ మంచం మీదే పడుకోబెట్టాం. ఎవరైనా పగవాళ్ళకి కూడా చేస్తారా ఇలా?"

"ఉద్యోగం పోతుంది. నాదే కాదు, నీది కూడా. లారీ ఎక్కించామన్న కాగితాల మీద సంతకాలు మనిద్దరివీ. నువ్వు గట్టిగా అరిస్తే సూపరింటెండెంట్‌గారు నన్ను చూపించి, దొంగతనంగా పట్టుకుపోయాడు అంటారు. ఈ బోర్డు ఒక్కటీ అయిపోనీ. సాయంత్రం డబ్బా తెచ్చేస్తాను. బుజ్జిని బయట డాక్టర్‌కి..."

"ఎన్ని డబ్బాలు?"

"ఏంటి?"

"లారీవాడు వదిలేసినవి ఎన్ని డబ్బాలు?"

"రెండు."

"రెండూ ఇంట్లోనే ఉన్నాయా?"

అతను నోరు తెరిచాడు. అప్పుడే ఆమె మెదడులో ఇంకొకటి చురుక్కుమంది. డబ్బాల సంగతి వెనక్కి పోయింది.

మంటలో పెడితే ఏ లోహమో తెలిసిపోతుంది.

"అత్తయ్య కంసాలి దగ్గరికి వెళ్తానంది."

అతను ఒక్క క్షణం అర్థంకానట్టు చూశాడు. అర్థమయ్యాక అతని ముఖంలో రంగు మెల్లగా దిగిపోయింది. గాజుకి పట్టిన పాదరసం మంట తగలగానే పొగై లేస్తుంది. నేల మీద పది రోజుల్లో పీల్చినదాన్ని మించి, మూసిన గదిలో నాలుగు శ్వాసల్లో లోపలికి పోతుంది.

ఆమె ఫోన్ తీసి ఇంటికి చేసింది. మోగుతూనే ఉంది. అత్తగారు ఫోన్ ఎప్పుడూ బల్ల మీదే వదిలేసి వెళ్తుంది. ఎవరికి చేయాలని పట్టుకెళ్ళాలి అంటుంది.

"బుజ్జిని ఇంట్లో ఒక్కదాన్నీ వదలదు," అంది నర్సు. "వెంట తీసుకెళ్తుంది."

* * *

కంసాలి కొట్టు ఆసుపత్రి వెనక వీధిలోనే. స్కూటర్ తీస్తే సందు చుట్టి రావాలి, పరుగెత్తితేనే నయం. వెనక గేటులోంచి ఇద్దరూ పరుగెత్తారు. యూనిఫాంలో పరుగెత్తుతున్న నర్సును చూసి ఆటోవాడు, ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకుని, దారి ఇచ్చాడు. అతని లెక్క తప్పు కాదు.

పరుగెత్తుతూనే ఆమె మనసులో బతిమాలుకుంది. కొట్టు మూసి ఉండాలి. కంసాలి భోజనానికి పోయి ఉండాలి. ముందున్న మనిషి గొలుసు దగ్గర బేరమాడుతూ అత్తయ్యని కూర్చోబెట్టి ఉండాలి. అత్తయ్యకి దారిలో ఎవరైనా కనిపించి ఉండాలి. ఎవరు కనిపించినా నా మీద చాడీలు చెప్పకుండా కదలదు. ఈ ఒక్కరోజూ చెప్పనీ. ఊరంతా చెప్పనీ.

కొట్టు తెరిచే ఉంది. చిన్న గది. దుమ్ము లోపలికి రాకుండా అద్దాల తలుపు బిగించి ఉంది. లోపల చల్లటి గాలి మిషన్ తిరుగుతోంది. అద్దం లోంచి ముందు కంసాలి వీపు కనిపించింది. పక్కన బెంచీ మీద అత్తగారు. ఆవిడ ఒళ్ళో బుజ్జి, పనిబల్ల మీదికి మెడ చాచి చూస్తోంది. పిల్లలకు మంట అంటే సరదా.

నర్సు తలుపు తోసింది. తెరుచుకోలేదు. లాగాలని గుర్తొచ్చి లాగింది.

"ఆపండి. మంట ఆపేయండి."

కంసాలి ఉలిక్కిపడి గ్యాస్ తిప్పేశాడు. "అయిపోయిందమ్మా. గాజు కాల్చి చాలాసేపయింది. చల్లార్చి ఇచ్చేశాను." అని గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు.

అత్తగారు లేచి నిలబడింది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. కొన్నేళ్ళుగా కోడలికి చూపించని ముఖం అది.

"రా అమ్మాయ్, ఇటు రా. నీ కాళ్ళు పట్టుకోవాలి నేను."

అరచెయ్యి చాచింది. అరచేతిలో గాజు. మచ్చ లేదు, తెలుపు లేదు. పచ్చగా, కొత్త పెళ్ళికూతురి చేతిది తీసిచ్చినట్టు మెరుస్తోంది.

"నా గాజేనమ్మా. అచ్చంగా నాదే. దానికేదో పట్టిందంతే. మంట తగలగానే పొగలా లేచిపోయింది. నోరు జారాను. కన్నకూతురులాంటి దాన్ని అంత మాటన్నాను. మనసులో పెట్టుకోకు."

ఆమె ఆ గాజు వంక చూస్తూ నిలబడిపోయింది. ఇంతకంటే భయంకరమైన వస్తువును ఆమె ఎన్నడూ చూడలేదు. గాజు మీది తెలుపు ఎక్కడికీ పోలేదు. ఈ గదిలోనే ఉంది. ఈ ముగ్గురి ఊపిరితిత్తుల్లో ఉంది.

"బయటికి రండి. అందరూ. మీరు కూడా," అంది కంసాలితో. తలుపు బార్లా తెరిచి పట్టుకుంది.

"ఎందుకే, ఏమైంది? నేను తప్పయిందని చెప్తుంటే..."

"అత్తయ్యా, మీరేం తప్పు చేయలేదు. ఆ గాజు అక్కడే పెట్టేసి రండి."

ఆవిడ ఆ మాటకు నొచ్చుకుని ఏదో అనబోయి, కొడుకు ముఖం చూసి ఊరుకుంది. వీధిలోకి వచ్చాక పెదవులు నాలుకతో తడుపుకుంటూ, "నోరేంటో ఇనుము నాకినట్టుంది," అంది.

బుజ్జి తండ్రి భుజం మీద దగ్గింది. చిన్న దగ్గు. పొడి దగ్గు. ఆగి, మళ్ళీ వచ్చింది.

* * *

ఎమర్జెన్సీ గదికి వెళ్ళాలంటే హాలు దాటాలి. హాల్లో చప్పట్లు మోగుతున్నాయి. నీలం గుడ్డ అప్పుడే తీశారు. బంగారు అక్షరాల కింద సూపరింటెండెంట్ ఆ గుడ్డ చేత పట్టుకుని ఫోటోకి నిలబడ్డాడు. పిల్లను మోసుకుపోతున్న స్టోర్‌కీపర్‌ని చూసి నవ్వు కొంచెం వంకర పోయింది. ఫోటో పూర్తిచేసుకుని వెనకాలే వచ్చాడు.

బుజ్జి ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. పక్క మంచాల మీద అత్తగారు, కంసాలి. అత్తగారు ఇంకా కోడలి చెయ్యి వదల్లేదు.

"ఏం పీల్చారు?" అడిగింది డ్యూటీ డాక్టరు.

నర్సు భర్త వైపు చూసింది. అతను గోడ వైపు చూశాడు. ఆమె ఇక ఆగలేదు.

"పాదరసం."

గుమ్మంలో సూపరింటెండెంట్ దగ్గాడు. అది జబ్బు దగ్గు కాదు. "పాదరసం ఎక్కడిదమ్మా? తెలియకుండా ఏ మాట పడితే ఆ మాట అనకూడదు. మన ఆసుపత్రిలో లేదని ఇప్పుడే బోర్డు తెరిచాం."

"ఆసుపత్రిలో లేదు సార్. మా ఇంట్లో ఉంది. గేటు దాటిస్తే తగ్గిపోయినట్టే అనుకున్నారు మీరు. ఎక్కడికి పోయిందని నేను అడగలేదు. అది మా పిల్ల మంచం కిందికి వచ్చింది."

అత్తగారు కొడుకు వైపు చూసింది. ఆవిడకు అన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా అర్థమవుతున్నాయి. ఊడ్చిన వెండి చుక్కలు. ఎత్తిపెట్టిన డబ్బా. మనవరాలి చేతులు.

"ఒరేయ్," అంది. పట్టుకున్న కోడలి చెయ్యి ఇంకా బిగించింది.

"ఇవన్నీ తర్వాత," అంది డాక్టరు. "రక్తం తీసి పంపండి, ఛాతీకి ఎక్స్‌రే. పాపను రాత్రంతా కనిపెట్టి ఉండాలి. పిల్లల వార్డులో మంచం ఖాళీ ఉంది. పైకి తీసుకెళ్ళండి."

వార్డుబాయి మంచం చక్రాల కొక్కెం తీశాడు. మంచం కదిలింది.

"అక్కడికి వద్దు."

అన్నది భర్త. పొద్దుట్నుంచీ నలుగురిలో అతను తనంతట తాను అన్న మొదటి మాట అది. మంచం పట్టీని రెండు చేతులతో పట్టుకుని ఆపేశాడు. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా పట్టుకున్నాడు.

"ఏంటయ్యా, ఏం మాట్లాడుతున్నావ్?" అన్నాడు సూపరింటెండెంట్. గొంతులో కోపం లేదు. బెదురు ఉంది.

అతను సూపరింటెండెంట్‌ని చూడలేదు. భార్యను చూశాడు. స్టోర్‌లో ఆమె అడిగి, జవాబు వినకుండా పరుగెత్తిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పాడు.

"రెండో డబ్బా ఆ వార్డు అటక మీద ఉంది. తనిఖీవాళ్ళు పిల్లల వార్డులో వెతకరని పెట్టాం. పొద్దున చూసి వచ్చాను. అడుగున చీలిక ఉంది. డబ్బా సగం ఖాళీ అయిపోయింది."

పైన, వాళ్ళ తలల మీది అంతస్తులో, పిల్లలు ఏదో ఆటలో నవ్వుతున్న చప్పుడు మెట్ల దారిలోంచి కిందికి వినిపించింది.